ఆర్ భాషలో ఇఫ్‌ఎల్స్ ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా వాడాలి

డేటా లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మీ దగ్గర ఉష్ణోగ్రతల కాలమ్ ఒకటి ఉందనుకోండి. 30 దాటిన ప్రతి అంకె పక్కన "వేడి" అనీ, మిగతా వాటి పక్కన "మామూలు" అనీ రావాలి. వేరే భాషల అలవాటు కొద్దీ చాలామంది ముందు ఇఫ్ రాస్తారు. ఆర్ దానికి ఒప్పుకోదు, కండిషన్ పొడవు ఒకటికి మించి ఉందని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. 2022లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి ఇది ఇలా ఆగుతోంది. అంతకుముందు వెర్షన్లు ఒక వార్నింగ్ పడేసి, మొదటి అంకెను మాత్రమే పరీక్షించి, దాని జవాబునే మొత్తానికి అంటగట్టేవి. కాబట్టి ఇప్పుడొచ్చే ఎర్రర్ మనకు మేలే చేస్తోంది.

ఇఫ్ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. అవునంటే ఒక వైపు, కాదంటే ఇంకో వైపు ప్రోగ్రామ్ నడుస్తుంది. మనకు కావలసింది ప్రతి అంకెనూ విడివిడిగా అడిగి, ప్రతిదానికీ ఒక జవాబు తెచ్చే ఫంక్షన్. ఆర్‌లో ఆ పని చేసేది ఇఫ్‌ఎల్స్.

ఇక్కడ కోడ్‌ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కీబోర్డ్ మీద కొట్టేటప్పుడు ఫంక్షన్ పేర్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. ఇఫ్‌ఎల్స్ అనేది ఒకే పదం, మధ్యలో ఖాళీ గానీ అండర్‌స్కోర్ గానీ ఉండదు. ట్రూ (అవును), ఫాల్స్ (కాదు), ఎన్‌ఏ (విలువ తెలియని ఖాళీ) ఈ మూడింటికీ మాత్రం అన్నీ పెద్ద అక్షరాలే. ఆర్‌లో చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు.

ముందు కండిషన్‌ని ఒక్కదాన్నే రాసి చూడండి

ఇఫ్‌ఎల్స్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు, అంటే బ్రాకెట్లలో ఇచ్చేవి: టెస్ట్ (కండిషన్), యెస్ (ట్రూ అయితే పెట్టేది), నో (ఫాల్స్ అయితే పెట్టేది). కొత్తవాళ్లు మూడూ ఒకేసారి రాసేసి, జవాబు తేడాగా వచ్చాక ఎక్కడ తప్పిందో తెలియక టెన్షన్ పడుతుంటారు. తప్పు చాలాసార్లు మొదటి ఆర్గ్యుమెంట్‌లోనే ఉంటుంది. అందుకే దాన్ని విడిగా రన్ చేయండి. కింద సి అనేది అంకెల్ని ఒక వరుసగా చేర్చే ఫంక్షన్, ఆ వరుసనే వెక్టార్ అంటారు. బాణం గుర్తు దాన్ని ఎడమవైపున్న పేరులో దాస్తుంది.

ఉష్ణం <- సి(12, 31, 25, -4)
ఉష్ణం > 30

స్క్రీన్ మీద వచ్చేది ఇది:

ఫాల్స్ ట్రూ ఫాల్స్ ఫాల్స్

నాలుగు అంకెలకు నాలుగు జవాబులు. ఇది చూశాకే మిగతాది చేర్చండి.

ఇఫ్‌ఎల్స్(ఉష్ణం > 30, "వేడి", "మామూలు")

జవాబు: "మామూలు" "వేడి" "మామూలు" "మామూలు". దీన్ని టేబుల్‌లో కొత్త కాలమ్‌గా పెట్టాలంటే ఎడమవైపు పట్టిక$గుర్తు (టేబుల్ పేరు, $, కొత్త కాలమ్ పేరు) అని రాసి బాణం గుర్తుతో కలపండి.

కండిషన్ రాసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సమానమా కాదా అని అడగడానికి రెండు సమాన గుర్తులు పెట్టాలి. ఒక్కటే పెడితే ఆర్ దాన్ని ఆర్గ్యుమెంట్ పేరుగా అనుకుని, అలాంటి ఆర్గ్యుమెంట్ లేదని ఎర్రర్ ఇస్తుంది. రెండు కండిషన్లను కలపడానికి ఒక్క & లేదా ఒక్క | వాడండి. జంటగా రాసే && ఇఫ్ కోసం ఉద్దేశించినది, అది ఒక్క విలువనే తీసుకుంటుంది. 4.3.0 వెర్షన్ నుంచి దానికి పొడవైన వెక్టార్ ఇస్తే ఎర్రరే. దశాంశాలతో లెక్కలు వేసిన అంకెల్ని == తో పోల్చకండి. 0.1 + 0.2 == 0.3 అని అడిగితే ఆర్ ఫాల్స్ అంటుంది, ఎందుకంటే కంప్యూటర్ లోపల ఆ అంకెలు బైనరీలో దాదాపు విలువలుగానే ఉంటాయి. తేడా చాలా చిన్నదా అని అడగడమే సరైన పద్ధతి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఒకటుంది, అది ఎర్రర్ కూడా ఇవ్వదు. ఉష్ణోగ్రత మైనస్ 4 కంటే తక్కువా అని అడగాలనుకుని ఖాళీలు లేకుండా ఇలా రాశారనుకోండి:

ఇఫ్‌ఎల్స్(ఉష్ణం<-4, "గడ్డ", "పర్లేదు")

మనం తక్కువ గుర్తు, మైనస్ గుర్తు అనుకున్నవి పక్కపక్కన చేరి ఆర్‌కి బాణం గుర్తుగా కనిపిస్తాయి. అంటే ఉష్ణం అనే వెక్టార్ మొత్తం చెరిగిపోయి దాని స్థానంలో 4 అనే ఒక్క అంకె కూర్చుంటుంది. సున్నా కాని అంకె ఏదైనా ట్రూ కిందే లెక్క కాబట్టి జవాబుగా ఒకే ఒక "గడ్డ" వస్తుంది. డేటా పోయిందన్న సంగతి కూడా వెంటనే తెలియదు. గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలడం, మైనస్ అంకెను బ్రాకెట్లలో పెట్టడం అలవాటు చేసుకోండి: ఉష్ణం < (-4).

లోపల ఏం జరుగుతుందో చూడండి

ఇఫ్‌ఎల్స్ విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: అది ముందుగా కండిషన్ ఆకారంలో ఒక వెక్టార్ పరుచుకుంటుంది, తర్వాత అందులోని గళ్లను నింపుతుంది. ఈ ఫంక్షన్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ, అంటే తేదీలు అంకెలైపోయాయనీ, జవాబు పొట్టిగా వచ్చిందనీ, కారణం లేకుండా వార్నింగ్ వచ్చిందనీ అనేవన్నీ ఈ పద్ధతిలోంచే పుడతాయి. ఒక్కొక్క దాన్నీ బట్టీ పట్టక్కర్లేదు, లోపలి లెక్క తెలిస్తే చాలు.

ఆర్‌లో మంచి సౌకర్యం ఏమిటంటే, బ్రాకెట్లు లేకుండా ఫంక్షన్ పేరు మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కితే దాని కోడ్ కనిపిస్తుంది. ఇఫ్‌ఎల్స్ అని కొట్టి చూడండి. పెద్దదేమీ కాదు. చిన్నచిన్న జాగ్రత్తలు పక్కన పెడితే అసలు పని ఈ నాలుగైదు లైన్లలోనే ఉంది. పేర్లు అర్థమయ్యేలా మార్చి రాస్తున్నాను:

జవాబు <- టెస్ట్
అవును_స్థానాలు <- విచ్(టెస్ట్)
కాదు_స్థానాలు <- విచ్(!టెస్ట్)
జవాబు[అవును_స్థానాలు] <- రెప్(యెస్, లెంగ్త్.అవుట్ = పొడవు)[అవును_స్థానాలు]
జవాబు[కాదు_స్థానాలు] <- రెప్(నో, లెంగ్త్.అవుట్ = పొడవు)[కాదు_స్థానాలు]

మొదటి లైన్ దగ్గరే కాసేపు ఆగండి. జవాబు మొదలయ్యేది టెస్ట్ కాపీగా. యెస్‌లో ఏముందో, నోలో ఏముందో ఇంకా ఎవరూ చూడలేదు. టెస్ట్ పొడవు నాలుగైతే జవాబు పొడవూ నాలుగే. టెస్ట్ మ్యాట్రిక్స్ (అడ్డం, నిలువు గళ్ల పట్టిక) అయితే జవాబూ మ్యాట్రిక్సే. టెస్ట్‌లోని ఎలిమెంట్లకు పేర్లుంటే అవి జవాబుకీ వస్తాయి.

తర్వాతి రెండు లైన్లలో విచ్ అనే ఫంక్షన్ ట్రూ ఉన్న స్థానాల నంబర్లను, ఫాల్స్ ఉన్న స్థానాల నంబర్లను విడదీస్తుంది (! గుర్తు ట్రూని ఫాల్స్‌గా, ఫాల్స్‌ని ట్రూగా తిప్పుతుంది). మన ఉదాహరణలో ట్రూ స్థానం 2, ఫాల్స్ స్థానాలు 1, 3, 4. చివరి రెండు లైన్లలో రెప్ ఫంక్షన్‌తో యెస్‌ని టెస్ట్ పొడవుకి సాగదీసి, అందులోంచి 2వ గడిలోని విలువను తీసి జవాబులో 2వ గడిలో పెడుతుంది. నోతోనూ అంతే. ఈ పని రెండు వైపులా ఒకే స్థానంలో జరుగుతుందన్నది ముఖ్యం. యెస్‌లో మూడో విలువ ఎప్పుడూ జవాబులో మూడో గడికి మాత్రమే వెళ్తుంది, లేకపోతే ఎక్కడికీ వెళ్లదు.

ఇప్పుడు ఈ లెక్కతో ఒక్కో చిక్కునీ విప్పుకుందాం.

జవాబు పొట్టిగా ఎందుకొస్తుంది

ఇఫ్‌ఎల్స్(ట్రూ, సి(1, 2, 3), 0) అని రాస్తే మూడు అంకెలూ రావాలనిపిస్తుంది. వచ్చేది 1 ఒక్కటే. టెస్ట్ పొడవు ఒకటి కాబట్టి పరిచిన గడి ఒకటే, అందులో పట్టింది మొదటి అంకె. ఇలా ఒక్క కండిషన్ మీద ఒక వెక్టార్‌నో, ఒక టేబుల్‌నో మొత్తంగా ఎంచుకోవాలనుకుంటే మీకు కావలసింది ఇఫ్ మాత్రమే (వివరంగా అన్నది ట్రూ లేదా ఫాల్స్ దాచిన ఒక పేరు అనుకోండి):

ఫలితం <- ఇఫ్ (వివరంగా) సి(1, 2, 3) ఎల్స్ 0

ఏది వాడాలో తేల్చుకోవడానికి మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న తేలికే. ప్రశ్న ఒకటా, వరుసకొకటా? ఒకటైతే ఇఫ్, వరుసకొకటైతే ఇఫ్‌ఎల్స్. ఒక్క విలువకి కూడా ఇఫ్‌ఎల్స్ వాడేస్తే ప్రస్తుతానికి పనిచేస్తుంది గానీ, ఆ విలువ స్థానంలో తేదీయో టేబులో వచ్చిన రోజున ఇబ్బంది పెడుతుంది.

సాగదీయడం వల్ల వచ్చే ఇంకో చిక్కు ఇంతకంటే మోసకారి. టెస్ట్ ఫాల్స్, ట్రూ, ఫాల్స్, ట్రూ అని ఉంది. యెస్‌లో సి("అ", "ఆ") పెట్టారు. మొదటి ట్రూకి "అ", రెండో ట్రూకి "ఆ" వస్తాయని ఆశిస్తాం. కానీ యెస్ ముందుగా "అ", "ఆ", "అ", "ఆ" అని నాలుగు గళ్లకు సాగుతుంది. ట్రూ ఉన్నవి 2, 4 స్థానాలు. రెండుచోట్లా "ఆ" పడుతుంది. వార్నింగ్ ఏమీ రాదు. పొడవులు సరిగ్గా భాగించబడకపోయినా రాదు. కాబట్టి యెస్, నో రెండూ ఒక్క విలువగానైనా ఉండాలి, లేదా టెస్ట్‌తో సమానమైన పొడవులోనైనా ఉండాలి. మధ్యస్థంగా ఏదున్నా అది బగ్ కిందే లెక్కపెట్టండి.

రెండు వైపులా పూర్తిగా లెక్క వేస్తుంది

కొలత <- సి(4, 9, -1, 16)
ఇఫ్‌ఎల్స్(కొలత > 0, లాగ్(కొలత), 0)

మైనస్ అంకెకి లాగ్ (లాగరిథమ్) ఉండదు కాబట్టే కదా కండిషన్ పెట్టాం, అయినా వార్నింగ్ వస్తుంది. రెప్ లైన్‌ని మళ్లీ చూడండి. అది యెస్‌ని మొత్తంగా అడుగుతోంది. అంటే లాగ్ నాలుగు అంకెల మీదా నడిచింది, మైనస్ 1 మీద కూడా. ఆ పనికిరాని విలువ జవాబులోకి ఎక్కలేదు, ఆ గడిలో 0 పడింది. ఫలితం సరైనదే, వార్నింగ్ మాత్రం వచ్చింది.

వార్నింగ్‌ని నొక్కిపెట్టే ఫంక్షన్ ఉంది, అయినా ఇక్కడ దాన్ని వాడవద్దనే చెబుతాను. రేపు నిజంగా చూడాల్సిన వార్నింగ్ కూడా దాని కిందే దాక్కుంటుంది. వడపోత లాగ్ లోపల జరిగేలా రాయడం శుభ్రమైన దారి: లాగ్(ఇఫ్‌ఎల్స్(కొలత > 0, కొలత, ఎన్‌ఏ)). అప్పుడు లాగ్‌కి మైనస్ అంకె చేరనే చేరదు. ఆ గడిలో 0 బదులు ఎన్‌ఏ మిగులుతుంది. లేని లాగ్‌ని లేదని చెప్పడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

ఇదే కారణం చేత యెస్, నో స్థానాల్లో ప్రింట్ చేయడం, ఫైల్ రాయడం లాంటి పనులు పెట్టకూడదు. అవి ఎలిమెంట్‌కి ఒకసారి జరగవు. టెస్ట్‌లో ఒక్క ట్రూ ఉన్నా యెస్ మొత్తం ఒకసారి నడుస్తుంది, అంతే.

ఒక్క ట్రూ కూడా లేకపోతే? అప్పుడు యెస్‌ని ఆర్ అసలు ముట్టుకోదు. ఆర్‌లో ఆర్గ్యుమెంట్‌ని నిజంగా అవసరమైనప్పుడే లెక్క వేస్తారు. వినడానికి ఇది బాగానే ఉంది గానీ, దీని వెనక ఒక ఇబ్బంది ఉంది. యెస్‌లో మీరు ఒక పేరుని తప్పుగా టైప్ చేశారనుకోండి. ఈరోజు డేటాలో ఆ కండిషన్ ఎక్కడా ట్రూ కాకపోతే ఆ తప్పు బయటపడదు. నెల తర్వాత ఒక్క ట్రూ రాగానే కోడ్ ఆగిపోతుంది, అప్పటికి ఏం రాశారో మీకే గుర్తుండదు. అందుకే కొత్త ఇఫ్‌ఎల్స్ రాసినప్పుడు ట్రూ, ఫాల్స్, ఎన్‌ఏ మూడూ వచ్చేలా చిన్న వెక్టార్ ఒకటి చేతితో తయారుచేసి దాని మీద నడిపి చూడండి. నిమిషం పని.

ఎన్‌ఏ ఎటు వెళ్తుంది

ఎటూ వెళ్లదు. ఉష్ణంలో ఒక విలువ ఎన్‌ఏ అయితే, ఉష్ణం > 30 అన్న ప్రశ్నకు అక్కడ జవాబు కూడా ఎన్‌ఏనే. తెలియని అంకె 30 దాటిందో లేదో ఎవరు చెప్పగలరు? విచ్(టెస్ట్) దాన్ని తీసుకోదు, విచ్(!టెస్ట్) కూడా తీసుకోదు. జవాబు టెస్ట్ కాపీగా మొదలైంది కాబట్టి ఆ గడిలో ముందున్న ఎన్‌ఏ అలాగే ఉండిపోతుంది. "మిగతావన్నీ నోకి వెళ్తాయి" అనుకోవడం సరికాదన్నమాట. ఇక్కడ దారులు మూడు.

ఖాళీలను విడిగా గుర్తించాలంటే వాటి ప్రశ్న ముందు అడగండి:

ఇఫ్‌ఎల్స్(ఈజ్.ఎన్‌ఏ(ఉష్ణం), "కొలవలేదు", ఇఫ్‌ఎల్స్(ఉష్ణం > 30, "వేడి", "మామూలు"))

ఖాళీ ఉందా అని అడగడానికి ఉష్ణం == ఎన్‌ఏ అని ఎప్పుడూ రాయకండి. దానికి ప్రతి గడిలోనూ ఎన్‌ఏనే వస్తుంది, మామూలు అంకెల దగ్గర కూడా. ఈజ్.ఎన్‌ఏ ఒక్కటే సరైనది. ఒక జాబితాలో ఉందా లేదా అని చూసేటప్పుడు == బదులు %ఇన్% వాడితే ఎప్పుడూ ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే వస్తుంది.

చాలాచోట్ల కనిపించే ఇంకో వాడుక ఇది: ఇఫ్‌ఎల్స్(ఈజ్.ఎన్‌ఏ(ఉష్ణం), 0, ఉష్ణం). కోడ్‌గా తప్పేమీ లేదు. కానీ ఉష్ణోగ్రతలో 0 అనేది నిజమైన కొలత. కొలవని రోజుకి 0 పెడితే సగటు పడిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లకు ఏది కొలిచిన సున్నానో ఏది నింపిన సున్నానో తెలిసే దారే ఉండదు. లేకపోవడమంటే నిజంగానే సున్నా అయిన చోట, ఉదాహరణకు ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కలో, నింపండి. మిగతా చోట్ల ఎన్‌ఏని ఎన్‌ఏగానే ఉండనివ్వండి.

తేదీలు అంకెలైపోవడం

ప్రారంభ తేదీ లేని వరుసల్లో నమోదు తేదీ పెట్టాలి. సహజంగా ఇలా రాస్తాం:

ఇఫ్‌ఎల్స్(ఈజ్.ఎన్‌ఏ(ప్రారంభం), నమోదు, ప్రారంభం)

తేదీల బదులు 19723 లాంటి అంకెలు కనిపిస్తాయి. భయపడకండి, డేటా పాడవలేదు. ఆర్‌లో తేదీ అంటే లోపల 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులయ్యాయన్న లెక్క మాత్రమే. 2024 జనవరి 1 అంటే 19723. దాన్ని తేదీగా చూపించేది ఆ అంకెకి తగిలించి ఉన్న క్లాస్ అనే లేబుల్. మన జవాబు టెస్ట్ కాపీగా పుట్టింది, టెస్ట్‌కి ఆ లేబుల్ లేదు. గళ్లలోకి విలువలు వచ్చాయి గానీ లేబుల్ రాలేదు.

ఫ్యాక్టర్ల (నిర్ణీత వర్గాల పేర్లను దాచే రకం) విషయంలో ఇదే పని ఇంకా చెడ్డగా జరుగుతుంది. ఫ్యాక్టర్ లోపల ఉండేవి 1, 2, 3 లాంటి కోడ్ నంబర్లు. ఇఫ్‌ఎల్స్ వాటినే బయటికి తెస్తుంది, అవి చూడటానికి మామూలు అంకెల్లానే ఉంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు. ఫ్యాక్టర్‌ని ముందు యాజ్.క్యారెక్టర్‌తో టెక్స్ట్‌గా మార్చి, అప్పుడు ఇఫ్‌ఎల్స్‌కి ఇవ్వండి.

తేదీలకు నేను ఎక్కువగా ఇష్టపడేది ఇఫ్‌ఎల్స్ లేని దారి:

ఖాళీ <- ఈజ్.ఎన్‌ఏ(ప్రారంభం)
ప్రారంభం[ఖాళీ] <- నమోదు[ఖాళీ]

ఇక్కడ మార్పు జరిగేది అసలు తేదీ వెక్టార్‌లోనే, కాబట్టి లేబుల్ ఎక్కడికీ పోదు. కుడివైపు కూడా [ఖాళీ] పెట్టడం మరవకండి. లేకపోతే నమోదులోని మొదటి విలువలు తప్పు వరుసల్లోకి చేరతాయి.

విలువల రకం గురించి కూడా ఒక మాట. యెస్‌లో అంకె, నోలో టెక్స్ట్ పెడితే రెండూ కలిసిన డేటాకి జవాబు మొత్తం టెక్స్ట్ అవుతుంది. అన్నీ ట్రూ అయిన డేటాకి మాత్రం అంకెలే వస్తాయి, ఎందుకంటే నోని ముట్టుకోలేదు. అంటే అదే కోడ్ ఒక రోజు అంకెలు, ఇంకో రోజు టెక్స్ట్ ఇస్తుంది. టెక్స్ట్‌గా మారిన అంకెల్ని వరుసలో పేరిస్తే "10" వెళ్లి "9" ముందు కూర్చుంటుంది. "లేదు" అని రాయాలనిపించిన చోట ఎన్‌ఏ పెడితే ఈ బాధ ఉండదు.

రెండు కంటే ఎక్కువ జవాబులుంటే

నో స్థానంలో ఇంకో ఇఫ్‌ఎల్స్ పెట్టొచ్చు:

ఇఫ్‌ఎల్స్(ఉష్ణం > 30, "వేడి", ఇఫ్‌ఎల్స్(ఉష్ణం > 15, "మామూలు", "చలి"))

క్రమం ముఖ్యం. 15 ప్రశ్న ముందు అడిగితే 31 కూడా అక్కడే "మామూలు" అయిపోతుంది, "వేడి" దాకా ఏదీ రాదు. కఠినమైన ప్రశ్న ముందు, సడలినది తర్వాత. రెండు అంచెల దాకా ఇది చదవడానికి బాగానే ఉంటుంది. మూడో అంచెకి వస్తే చివర్లో బ్రాకెట్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది, అక్కడ ఆపేయండి.

ఒకే అంకెను పరిధులుగా విడగొట్టడానికి కట్ అనే ఫంక్షన్ ఉంది (ఇన్ఫ్ అంటే అనంతం):

కట్(ఉష్ణం, బ్రేక్స్ = సి(-ఇన్ఫ్, 15, 30, ఇన్ఫ్), లేబుల్స్ = సి("చలి", "మామూలు", "వేడి"))

మామూలుగా ఇది పరిధి కుడి అంచును లోపల కలుపుకుంటుంది. అంటే సరిగ్గా 30 అయితే "మామూలు"లో పడుతుంది, మన > 30 కండిషన్‌తో సరిపోతుంది. అంచు అటువైపు కావాలంటే రైట్ = ఫాల్స్ అని ఇవ్వాలి. జవాబు ఫ్యాక్టర్‌గా వస్తుంది.

కండిషన్లు వేర్వేరు కాలమ్‌ల మీద ఉంటే డిప్లైర్ అనే ప్యాకేజీలోని (ప్యాకేజీ అంటే ఆర్‌కి విడిగా చేర్చుకునే ఫంక్షన్ల కట్ట) కేస్_వెన్ చక్కగా ఉంటుంది. ఒక్కో లైన్‌లో కండిషన్, ~ గుర్తు, విలువ. పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి మొదటి ట్రూ దగ్గర ఆగుతుంది. ఏదీ కుదరనివాటికి 1.1.0 వెర్షన్ నుంచి .డిఫాల్ట్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. ఇఫ్‌ఎల్స్ నుంచి వచ్చేవాళ్లు గమనించాల్సిన తేడా ఒకటుంది: ఇక్కడ కండిషన్ ఎన్‌ఏ అయితే అది కుదరనట్టే లెక్క, చివరికి .డిఫాల్ట్ విలువ పడుతుంది. కొలవని రోజులు నిశ్శబ్దంగా "చలి" అయిపోకూడదంటే ఈజ్.ఎన్‌ఏ లైన్‌ని అన్నిటికంటే పైన పెట్టండి.

అదే ప్యాకేజీలో ఇఫ్_ఎల్స్ కూడా ఉంది, మధ్యలో అండర్‌స్కోర్‌తో. పొడవులు సరిపోకపోతే, రకాలు కలవకపోతే ఇది ఎర్రర్ ఇస్తుంది. తేదీలను తేదీలుగానే ఉంచుతుంది. ఎన్‌ఏకి ఏం పెట్టాలో చెప్పడానికి మిస్సింగ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. డేటా.టేబుల్ ప్యాకేజీలోని ఎఫ్‌ఇఫ్‌ఎల్స్ కూడా ఇలాంటిదే, పెద్ద డేటా మీద వేగంగా నడుస్తుంది. ఈ ప్యాకేజీల్లో ఏదో ఒకటి ముందే వాడుతున్న ప్రాజెక్ట్‌లో అయితే మామూలు ఇఫ్‌ఎల్స్ జోలికి పోనక్కర్లేదని నేను నమ్ముతాను. తప్పుని మూసిపెట్టే ఫంక్షన్ కంటే అక్కడికక్కడే ఆగి చెప్పే ఫంక్షన్ మేలు. ప్యాకేజీలు లేకుండా నడవాల్సిన కోడ్‌కి ఇఫ్‌ఎల్స్ ఉంది, దాని లోపలి లెక్క ఇప్పుడు మీకు తెలుసు.

కొన్నిచోట్ల ఎంపికే అక్కర్లేదు. సున్నా కంటే తక్కువ ఉన్నవాటిని సున్నా చేయడానికి ఇఫ్‌ఎల్స్ రాసేవాళ్లు చాలామంది. ప్రతి గడిలో రెండిట్లో పెద్దదాన్ని ఇచ్చే పీమ్యాక్స్(ఉష్ణం, 0) అంటే చాలు.

వేరే భాష నుంచి వస్తే, వేరే భాషకి వెళ్తే

పైథాన్ భాషలోని నంపై ప్యాకేజీలో ఇదే పని చేసేది వేర్ అనే ఫంక్షన్. దానికీ మూడు ఆర్గ్యుమెంట్లే, అది కూడా రెండు వైపులా పూర్తిగా లెక్క వేశాకే ఎంచుకుంటుంది. కానీ ఖాళీని సూచించే నాన్ విలువను > తో పోలిస్తే అక్కడ ఫాల్స్ వస్తుంది. కాబట్టి ఖాళీలు మూడో ఆర్గ్యుమెంట్ వైపు వెళ్లిపోతాయి. పైథాన్‌లోనే ఇంకో ప్యాకేజీ పాండాస్‌లో కాలమ్‌కి ఉన్న వేర్ మెథడ్ ఇంకో రకం: కండిషన్ ట్రూ అయిన చోట ఉన్న విలువను అలాగే ఉంచి, ఫాల్స్ అయిన చోట మారుస్తుంది. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో కేస్ రాస్తే, కండిషన్‌లో నల్ (ఖాళీ) వచ్చినప్పుడు ఎల్స్ విలువ పడుతుంది. సి భాషలో ప్రశ్న గుర్తు, కోలన్‌తో రాసే ఎంపిక ఒక్క విలువకే, అందులో ఎంచుకున్న వైపు మాత్రమే నడుస్తుంది. కోడ్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఖాళీలు ఎటు పోతున్నాయో ముందుగా చూడండి. వాక్యం ఒకేలా కనిపించినా జవాబులు మారేది సరిగ్గా అక్కడే.

నడిపాక సరిచూడటం

కొత్త కాలమ్ తయారయ్యాక దాన్ని అలాగే వదిలేయకండి. క్లాస్(పట్టిక$గుర్తు) అని అడిగితే రకం తెలుస్తుంది, తేదీ రావాల్సిన చోట న్యూమరిక్ అని కనిపిస్తే కారణం మీకు తెలుసు. తర్వాత కండిషన్‌నీ జవాబునీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి:

టేబుల్(పట్టిక$ఉష్ణం > 30, పట్టిక$గుర్తు, యూజ్‌ఎన్‌ఏ = "ఆల్వేస్")

కోట్స్ మధ్య ఆల్వేస్ అని మాత్రమే రాయాలి. ఆ ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే టేబుల్ ఎన్‌ఏలను లెక్కలోకే తీసుకోదు, మనం వెతికేవి అవే. ట్రూ వరుసలో "వేడి" కింద మాత్రమే అంకె ఉండాలి, ఫాల్స్ వరుసలో "మామూలు" కింద మాత్రమే. ఎన్‌ఏ వరుసలోని అంకె సమ్(ఈజ్.ఎన్‌ఏ(పట్టిక$ఉష్ణం))తో సరిపోవాలి. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా, వెనక్కి వెళ్లి కండిషన్‌ని ఒక్కదాన్నే రన్ చేయడంతో మొదలుపెట్టండి.